తొమ్మిదేళ్ళ ఓబులమ్మ విముక్తి

జిల్లాలో బాలకార్మికులు ఒక్కరు కూడా లేకుండా పోయిన రోజున, బాలకార్మిక విముక్తి కార్యాలయంలో ఎవరికీ అన్నం సహించలేదు.

ఆ పిల్లలు ఊరికే పోలేదు. సున్నా నివేదికను అందరికంటే ముందు పంపిన జిల్లాకు జ్ఞాపిక ఇస్తారని తెలిసి, ప్రాజెక్టు అధికారి పరాంకుశం గారు మూడు రోజులపాటు కుర్చీలోంచి లేవకుండా కృషి చేసి, జిల్లా మొత్తాన్ని కాగితం మీద శుభ్రం చేశారు. జ్ఞాపిక వచ్చింది. గాజుది, లోపల నవ్వుతున్న పిల్ల బొమ్మ. దాన్ని బల్లమీద ఎటు తిప్పి పెట్టాలా అని అందరూ ఆలోచిస్తుండగానే ఒక ఉత్తరం కూడా వచ్చింది. "మీ జిల్లాలో బాలకార్మికులు లేరని తెలిసి మిక్కిలి సంతోషించడమైనది. కావున మీ కార్యాలయపు ఆవశ్యకతను నెల దినములలోగా రుజువు చేయవలసినదిగా కోరడమైనది."

పరాంకుశం గారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మూడోసారి చదివారు. పిల్లలు ఉన్నారంటే జ్ఞాపిక పోతుంది. లేరంటే కార్యాలయం పోతుంది, దానితో జీపు పోతుంది. ఆయన రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళుంది.

దారి చూపించింది సీనియర్ అసిస్టెంటు సుభాని. ఊగుతున్న బీరువా కాలి కింద పెట్టడానికి పనికిరాని కాగితాలు వెతుకుతుంటే ఆయనకు యాభై రెండేళ్ళనాటి ఫైలొకటి దొరికింది. ఆనాటి తనిఖీ అధికారి ఎవరో నల్లరాయివరం పలకల గనికి పోయి, అక్కడ పనిచేస్తున్న ఇద్దరు పిల్లల్ని ఫొటో తీసి, "చర్య తీసుకొనవలెను" అని కింద రాసి, చర్య తీసుకోకుండా రిటైరై వెళ్ళిపోయాడు. నలుపు తెలుపుల్లో అరచెయ్యంత ఫొటో. పలకరాళ్ళ దొంతర ముందు ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. పక్కన ఆమె భుజమంత ఎత్తున ఒక పిల్లవాడు. ఇద్దరికీ ఒంటినిండా బూడిదరంగు దుమ్ము. ఫైలులో "బాలిక, వయస్సు 9, బాలుడు, వయస్సు 7, ఎడమ చెంప వాపు, వ్యాధి లక్షణము" అని ఉంది.

"ఇప్పటి పిల్లలు లేరని చెప్పాం సార్. అప్పటి పిల్లలు లేరని మనం ఎక్కడా చెప్పలేదు" అన్నాడు సుభాని.

పరాంకుశం గారు లేచి నిలబడి ఆయన భుజం తట్టారు. ఆ సాయంత్రమే "ఛాయాచిత్ర బాల్య విముక్తి పథకం" పుట్టింది.

ఎవరినైనా వెతకాలంటే ముందు వెతికేవాడు కావాలి. అలాంటి పనికి టీచరును వేయడం ఆ జిల్లాలో ఆనవాయితీ. జనాభాను, ఓటర్లను, మరుగుదొడ్లను, ఒక ఏడాది పెంపుడు కుక్కలను కూడా టీచర్లే లెక్కపెట్టారు. నల్లరాయివరం ప్రాథమిక పాఠశాలలో రెండు తరగతులకు ఒక్కడే టీచరుగా ఉన్న యల్లమంద మాష్టారికి ఉత్తర్వు వచ్చింది. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మాష్టారు ఏ విషయం మీదా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కిందటి కార్తీకంలో భార్య పోయినప్పటినుంచి ఉన్న ఆ కాసిన్ని మాటలు కూడా తూచి వాడుతున్నాడు. గోడకు పెట్టుకోవడానికి ఆమెది మంచి ఫొటో ఒక్కటి కూడా దొరకలేదు. ఆధార్ కార్డులోదే పెద్దది చేయించాడు. అందులో ఆమె ఎవరిమీదో ఫిర్యాదు చేయడానికి వచ్చినట్టు ఉంటుంది.

కార్యాలయంవాళ్ళు ఫొటోను లక్క ముద్ర వేసిన కవరులో పెట్టి, పోగొట్టనని, చించనని, మడవనని సంతకం చేయించుకుని ఇచ్చారు. మాష్టారు దాన్ని బస్టాండు దగ్గర టీ అంగడిలో నలుగురికి చూపించాడు. సాయంత్రానికల్లా, ఫొటోలో ఉన్నవాళ్ళకు ఇంటిస్థలం ఇస్తారట అని ఊరంతా పాకిపోయింది. మర్నాడు బడి గంట కొట్టేసరికి ముప్పై ఒక్కమంది ముసలివాళ్ళు ఫొటోలో తామే అని వచ్చి వరండాలో కూర్చున్నారు. వాళ్ళలో గుబురు మీసాల పెద్దమనిషి ఒకాయన ఆడపిల్లను తానేనన్నాడు. చిన్నప్పుడు మొక్కు ఉండి పుట్టువెంట్రుకలు తీయించలేదట, వాళ్ళమ్మ జడ వేసేదట. ఇంకొకాయన ఆడపిల్లా మగపిల్లవాడూ ఇద్దరూ తానే అన్నాడు. అదెలాగని అడిగితే, ఇంటిస్థలం ఒక్కటిచ్చినా చాల్లే సారూ, సర్దుకుంటా అన్నాడు.

అందరూ వెళ్ళిపోయాక ఓబులమ్మ వచ్చింది. బస్టాండులో పొద్దుటిపూట జొన్నరొట్టెలు చేసి అమ్మే ఆమె. చేతులకింకా పిండి ఉంది. కొంగుకు తుడుచుకుని, ఇంటిస్థలం మాట ఎత్తకుండా, ఫొటోను అంచులతో పట్టుకుని చూసింది. మిగతా ముప్పై ఒక్కమందీ ఫొటోలో తమ ముఖం వెతుక్కున్నారు. ఈమె ఆడపిల్లవైపు చూడనేలేదు.

"ఈడు మావోడు సారూ. తిరుపాలు. నా తమ్ముడు."

చెంప వాపు సంగతి మాష్టారు అడిగాడు.

"వాపేంది సారూ. పిప్పరమెంటు. బొమ్మ తీసినాయన ఇద్దరికీ రెండిచ్చినాడు. నాది కూడా ఈడే నోట్లో ఏసుకున్నాడు. కదలొద్దంటే నమలకుండా అట్టా బుగ్గన పెట్టుకుని నిలబడినాడు."

మాష్టారు ఫొటోను దగ్గరగా చూశాడు. నమలకుండా ఉండడానికి ఆ పిల్లవాడు పడుతున్న కష్టం ముఖమంతా కనిపిస్తోంది. కళ్ళలో నవ్వుంది.

తిరుపాలు తర్వాత కూడా గనిలోనే పనిచేశాడని, రాతిదుమ్ము రొమ్ముకు పట్టి పంతొమ్మిదో ఏట దగ్గుతూ పోయాడని ఆమె చెప్పింది. వాడికి ఇంకే బొమ్మా లేదు. ఈ బొమ్మ తనకిప్పించమని అడిగింది. ఇంటిస్థలం వద్దంది.

ఇప్పిస్తానని మాష్టారు మాట ఇచ్చాడు. ఆ క్షణాన ఆయన జేబులో ఫోను ఉంది. మధ్యాహ్నభోజనంలో కోడిగుడ్లకు, మరుగుదొడ్ల తలుపులకు, మొక్కలకు రోజూ ముప్పై ఫొటోలు తీసి పైకి పంపే ఫోను. ఈ ఫొటోకు ఒక ఫొటో తీసుకోవాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఆ సంగతి తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

ఈ సంగతులతో మాష్టారు రాసిన నివేదిక అందుకున్న పరాంకుశం గారు ఆయనను పిలిపించి కుర్చీ వేయించారు. ఫొటోను మళ్ళీ కవరులో పెట్టి, లక్క వేయించి, బీరువాలో పెట్టించారు. తొమ్మిదేళ్ళ బాలికను తక్షణం విముక్తి చేసి మూడో తరగతిలో చేర్పించవలసి ఉందన్నారు.

"ఆమెకు అరవై ఒకటండి" అన్నాడు మాష్టారు.

"ఎవరు చెప్పారు?"

"ఆమే చెప్పింది."

"మైనరు వాంగ్మూలం చెల్లదు మాష్టారూ."

ఫైలు ప్రకారం ఆమె వయసు తొమ్మిదని, ఆ తర్వాత వయసు పెరిగినట్టు ఎవరూ ఈ కార్యాలయానికి లిఖితపూర్వకంగా నివేదించలేదని ఆయన విడమరచి చెప్పారు. మరి తిరుపాలు చనిపోయాడు కదా అని మాష్టారు అడిగాడు. పరాంకుశం గారు వేళ్ళు మడిచి లెక్కవేశారు.

"ఎప్పుడు చనిపోయాడన్నారు? పంతొమ్మిదో ఏట. మన రికార్డులో ఏడేళ్ళు. అంటే ఇంకా పన్నెండేళ్ళ వ్యవధి ఉంది. ఆలోగా విముక్తి చేయకపోతే బాధ్యులు మనమే అవుతాం."

తిరుపాలును కూడా చేర్చుకోవాలని, ఒకటో తరగతి ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కాబట్టి అక్క పక్కనే మూడో తరగతిలో కూర్చోబెట్టాలని ఆయన ఆదేశించారు. ఈ రెండో ఆదేశంలో కొంత దయ కూడా ఉందని మాష్టారికి అనిపించింది.

విముక్తి సోమవారం ఉదయం ఏడున్నరకు జరిగింది. జీపు బస్టాండు ముందు ఆగింది. పరాంకుశం గారు, సుభాని, ఒక కానిస్టేబులు, బ్యానరు పట్టుకునేవాళ్ళు ఇద్దరు దిగారు. పదకొండుమంది గిరాకీలు, పొయ్యి, పెనం, పిండి ముద్ద అన్నీ ఆధారాలుగా నమోదయ్యాయి. రొట్టెలు చల్లారితే ఆధారం బలహీనపడుతుందని సుభాని అభిప్రాయపడగా, బృందం వాటిని అక్కడికక్కడే స్వాధీనం చేసుకుని, గోంగూర పచ్చడితో సహా పరిశీలించి పూర్తిచేసింది. తర్వాత పెనాన్ని జీపులోకి ఎక్కించారు. నిప్పుతో చేసే పని పిల్లలకు ప్రమాదకరమని చట్టంలో ఉంది.

బాలికను పనిలో పెట్టుకున్న యజమాని ఎవరని పరాంకుశం గారు అడిగారు. నేనే అంది ఓబులమ్మ. అంగడి ఎవరిదంటే తనదేనంది. సుభాని అక్కడే నిలబడి నోటీసు రాశాడు. "శ్రీమతి ఓబులమ్మ, వయస్సు 61 గారికి. తమరు కుమారి ఓబులమ్మ, వయస్సు 9 అను బాలికచే వేకువజామునుండి చాకిరీ చేయించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకమీదట సదరు బాలికను పనిలో పెట్టుకొననని హామీపత్రము సమర్పించవలెను."

చదివి వినిపిస్తే ఓబులమ్మ శ్రద్ధగా విన్నది.

"చానా ఏళ్ళ నుంచి చెప్తానే ఉండా సారూ, కూసేపు కూకోమని. అది యినదు" అంది.

బాలికకు తల్లిదండ్రులు లేనందున సంరక్షకుడు కావలసివచ్చింది. ఇంట్లో మగపెద్ద ఎవరంటే నలభై ఏళ్ళ కొడుకు రంగయ్య ఉన్నాడు. లారీల కింద పడుకుని పనిచేసే మెకానిక్కు. బాలిక నడవడికకు, గోళ్ళకు, హోంవర్కుకు పూచీపడుతూ అతను సంతకం చేశాడు. సంబంధం అన్నచోట 'కొడుకు' అని రాస్తే, సంరక్షకుడు బిడ్డకు కొడుకు కావడానికి ఫారంలో వీల్లేదని సుభాని కొట్టేసి 'బంధువు' అని రాశాడు.

బడిలో ఓబులమ్మకు తొమ్మిదేళ్ళ పిల్లకు సరిపడే గౌను, రెండు రిబ్బన్లు, ఒక పలక ఇచ్చారు. గౌనును ఆమె గిన్నెలు దించుకోవడానికి మసిగుడ్డలా బాగుంటుందని మడిచిపెట్టుకుంది. పలకను మాత్రం చేతిలోకి తీసుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నది. మంచి పలకరాయి కొడితే మోగుతుందట. ఇది మోగలేదు. ప్లాస్టిక్కుది.

"పలకల ఊళ్ళో ఈ చాట ఎవురు కొన్నారు సారూ?" అని అడిగింది. అది పై నుంచి వచ్చింది.

ఆమె మనుమరాలు ఝాన్సీ అదే తరగతి. మొదటిరోజే లేచి, సార్, మా అవ్వ నా పలకలో చూసి రాస్తంది అని చాడీ చెప్పింది. మాష్టారు ఆలోచించి ఇద్దరినీ దూరంగా కూర్చోబెట్టాడు. ఇంటికి వెళ్ళాక ఆ రాత్రి కూతురికి అన్నం ఎవరు పెట్టాలన్నదాని మీద రంగయ్య ఇంట్లో సందిగ్ధం ఏర్పడింది. పిల్ల తల్లి పురిటికి పుట్టింటికి పోయి ఉంది. చివరకు కుమారి ఓబులమ్మే హోంవర్కు ఆపి వండిపెట్టిందట. ఈ ఉల్లంఘన పరాంకుశం గారికి తెలియదు.

హాజరు పిలిచేటప్పుడు మాష్టారు ఓబులమ్మ పేరు పిలిచాడు. ఆమె చేయెత్తింది. తర్వాతి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. పిలవకపోతే కొత్త పేరు పిలవలేదేమని పిల్లలు అడుగుతారు.

"తిరుపాలు."

ఎవరూ పలకలేదు. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఓబులమ్మ నేలవైపు చూస్తూ కూర్చుంది.

"ఇంకోసారి పిలవండి సారూ" అంది. "వాణ్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక నలభై ఏళ్ళాయ."

మాష్టారు ఇంకోసారి పిలిచాడు. హాజరుపట్టీలో గైర్హాజరు వేశాడు.

పదిరోజులు గడవకముందే మాష్టారికి మెమో వచ్చింది. తిరుపాలు అను విద్యార్థి చేరినది మొదలు ఒక్కరోజైనా బడికి రాలేదని, ఇంటికి వెళ్ళి నచ్చజెప్పి తీసుకురావలసిన బాధ్యత తరగతి ఉపాధ్యాయునిదేనని అందులో ఉంది. మాష్టారు ఆదివారం ఓబులమ్మతో కలిసి గని వెనక మిట్టకు వెళ్ళాడు. తిరుపాలును పూడ్చినచోట గుర్తుకు పెట్టిన పలకరాయి పక్కకు ఒరిగి ఉంది. దాన్ని ఇద్దరూ నిలబెట్టారు. "విద్యార్థి నివాసమును సందర్శించడమైనది. విద్యార్థి రాగల స్థితిలో లేడు" అని ఆయన జవాబు రాశాడు. "స్థితి మెరుగుపడిన వెంటనే హాజరుపరచవలెను" అని తిరుగు టపాలో వచ్చింది.

ఈలోగా ఓబులమ్మకు బడి సాంబారు నచ్చలేదు. మూడురోజులు తిన్నది, నాలుగోరోజు వంటమనిషి చేతిలోంచి గరిటె తీసుకుంది. వంటమనిషి కూడా, ఇన్నాళ్ళకు తనకు తోడొకరు వచ్చారని, పీట జరిపి ఇచ్చింది. ఆ వారంలో పిల్లలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. హాజరు నూటికి నూరయింది, తిరుపాలును మినహాయిస్తే. అంత హాజరు చూసి అనుమానం వచ్చి పరాంకుశం గారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు. వంటగది పొయ్యి ముందు, పొగలో, తొమ్మిదేళ్ళ బాలిక చెమటలు కక్కుతూ పప్పు ఎనుపుతూ కనిపించింది.

"పాఠశాలలోనే!" అన్నారాయన.

రెండో విముక్తి అక్కడే జరిగింది. ఓబులమ్మను బడినుంచి విడిపించి, జీపులో ఎక్కించి, ఊరు చుట్టూ తిప్పి, చట్టప్రకారం దగ్గరలోని బడిలో చేర్పించారు. దగ్గరలో ఉన్నది ఆ బడే. కొత్తగా చేరినందుకు ఆమెకు ఇంకో గౌను, ఇంకో ప్లాస్టిక్కు పలక వచ్చాయి. యజమాని నోటీసు ఈసారి మాష్టారికి ఇచ్చారు. అయినా పరాంకుశం గారు కోపంగా లేరు. విముక్తి పొందిన బాలికల సంఖ్య ఒకటినుంచి రెండుకు పెరిగింది. ఒక్క నెలలో వందశాతం వృద్ధి మరే జిల్లాలోనూ లేదు.

ఆయన సంతోషంగా ఉన్నారు కదా అని మాష్టారు ఫొటో సంగతి అడిగాడు. ఆమె కోరింది అదొక్కటేనని, తాను మాట ఇచ్చానని చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన ఆ నెలలో ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

"ఎందుకివ్వం మాష్టారూ" అన్నారు పరాంకుశం గారు. "సభ పెట్టి ఇస్తాం. పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఇస్తాం."

ఆ మాట మాష్టారు ఓబులమ్మకు చెప్పాడు. ఆమె మిట్టమీదికి పోయి తమ్ముడికి చెప్పి వచ్చింది. గోడమీద మేకు కొట్టి ఉంచమని రంగయ్యకు చెప్పింది. మేకు చిన్నదైందని మళ్ళీ పెద్దది కొట్టించింది.

సభ బడి ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు. పరాంకుశం గారు బాల్యమును గూర్చి నలభై నిమిషాలు మాట్లాడారు. బాల్యము ఒక మొగ్గ అన్నారు, దానిని వికసింపజేయుట ఈ కార్యాలయము యొక్క ప్రథమ కర్తవ్యమన్నారు. మొదటి వరుసలో కూర్చున్న మొగ్గకు మోకాళ్ళు పట్టేసి రెండుసార్లు లేచి నిలబడి మళ్ళీ కూర్చుంది. చివరకు ఆమెను వేదికమీదికి పిలిచి, రంగుకాగితం చుట్టిన పెద్ద ఫ్రేమును చేతుల్లో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె అక్కడే నిలబడి కాగితం విప్పింది.

పలకరాళ్ళ దొంతర స్పష్టంగా ఉంది. దుమ్ము స్పష్టంగా ఉంది. చిన్న చిన్న పాదాలు నాలుగూ స్పష్టంగా ఉన్నాయి. ముఖాలున్నచోట రెండు నల్లటి గుండ్రాలున్నాయి.

మాష్టారు సుభానివైపు చూశాడు. బాలకార్మికుల ముఖాలు ఎవరికీ చూపకూడదని నియమం ఉందని, కళ్ళవరకు మూస్తే చాలుగానీ ఎందుకైనా మంచిదని జుట్టునుంచి గడ్డందాకా మూయించానని సుభాని వినయంగా చెప్పాడు.

ఓబులమ్మ నల్లటి గుండ్రాన్ని వేలితో రుద్దింది. అంటుకుందేమోనని గోటితో గీకి చూసింది. గాజు కిందిది.

"ఇందులో మావోడు ఏడి సారూ?"

"అది గోప్యత అమ్మా" అన్నారు పరాంకుశం గారు మైకులోనే. "బాలుని భద్రత దృష్ట్యా అతడు ఎవరైనదీ ఎవరికీ తెలియకూడదు."

"నాకు తెలుసు గదా సారూ."

దానికి ఆయన దగ్గర నియమం లేదు. జాతీయగీతం పాడించారు.

అసలు ఫొటో ఇప్పించమని మాష్టారు ఉత్తరం రాశాడు. కేసు ముగిసిన పిదప ఇవ్వబడునని జవాబు వచ్చింది. కేసు ఎప్పుడు ముగుస్తుందని అడుగుతూ రెండో ఉత్తరం రాశాడు. బాలుడు తిరుపాలు ఇంకా విముక్తి కాలేదు గనుక కేసు ముగియదని వచ్చింది. మూడో ఉత్తరం తానే తీసుకెళ్ళి ఇచ్చాడు. పరాంకుశం గారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"ఆ పిల్లవాడు ఒక్కడే మాష్టారూ మాకు మిగిలింది. వాడి కేసు మూసేస్తే మళ్ళీ సున్నా. నాకింకా మూడేళ్ళుంది."

బీరువా ఆయన వెనకే ఉంది. ఇప్పుడది ఊగడం లేదు. కాలి కింద ఏదో పెట్టారు. పక్కన గోడకు ఆనించి ఓబులమ్మ పెనం ఉంది, చీటీ కట్టి.

నాలుగో ఉత్తరం రాజధానికి రాశాడు. ఛాయాచిత్ర బాల్య విముక్తి పథకాన్ని రాష్ట్రమంతటా అమలు చేయబోతున్నామని, ఈ విషయంలో ఆయన చూపిన ఆసక్తికి అభినందనలని అక్కడినుంచి వచ్చింది. పరాంకుశం గారి కార్యాలయాన్ని పన్నెండేళ్ళు పొడిగించారు.

ఓబులమ్మ కొత్త పెనం కొనుక్కుంది. పొద్దున రొట్టెలు అమ్ముకుని, ఈ పెనం కూడా జీపెక్కకుండా సుభానికి రెండు కట్టి ఇచ్చి, తొమ్మిది గంటలకు బడికి వస్తుంది. రావలసిన పని లేదని మాష్టారు ఒకరోజు చెప్పాడు. హాజరు పిలిచేదాకా ఉండి పోతానంది. ప్లాస్టిక్కు పలకమీద ఆమె నేర్చుకున్నది ఒక్క మాటే. తిరుపాలు. దాన్ని ఫ్రేములోని రెండో గుండ్రం కింద గాజుమీద సుద్దతో రాస్తుంది. చెరిగిపోతే మళ్ళీ రాస్తుంది.

మాష్టారు రోజూ ఆ పేరు రెండుసార్లు పిలుస్తున్నాడు. ఐదో ఉత్తరానికి జవాబు రాలేదు. ఫొటో ఇంకా ఇవ్వలేదు.